మాస్కు తీయొద్దు రా!

సెమ్ పరీక్షలు అయిపోయినాక రెండో బ్యాచ్ పెయింట్‌బాల్‌కు పోవాలని గ్రూపులో లిస్టు తయారవుతోంది. నిన్నటికి 14 పేర్లు చేరాయి. మొదటి బ్యాచ్‌లో పోయొచ్చినవాణ్ణి కాబట్టి మెస్సులో, ల్యాబులో, ఆఖరికి జిరాక్స్ షాపు క్యూలో కూడా నన్నే పట్టుకుని అడుగుతున్నారు. "నొప్పి పుడుతుందా? రంగు పోతుందా? అది నిజం గన్నేనా?" ఒక్కొక్కరికీ చెప్పేదానికంటే ఒకసారి రాసేస్తే మేలనిపించింది. ఇంకో కారణం కూడా ఉంది. ఆ రోజు నేనొక తప్పు చేశాను. గ్రూపులో ఫోటోలు పెట్టాను గానీ ఆ సంగతి పెట్టలేదు. దాని దగ్గరికి వస్తాను, కొంచెం ఆగండి.

మా హాస్టల్లో పేర్లతో పిలుచుకోవడం తక్కువ, ఊరి పేరే మనిషి పేరు. ఒకడు ధర్మవరం, ఒకడు పెనుకొండ, నేను హిందూపురం. మూడు ఊర్లూ బెంగళూరు పోయే ఒకే రైలు లైను మీద వరసగా వస్తాయి కాబట్టి మా స్నేహం కూడా రైల్లోనే మొదలైంది. ఆ రోజు కూడా అట్లనే. ధర్మవరంలో ఎక్కినవాడు సీటు మీద టవలు పరిచాడు, పెనుకొండలో ఎక్కినవాడు ఆ టవలు పక్కకు నెట్టి కూర్చున్నాడు, హిందూపురంలో ఎక్కిన నాకు ఉగ్గాని డబ్బా అడుగున మిగిలిన నాలుగు మిరపకాయ బజ్జీలు దక్కాయి. గౌరిబిదనూరు వచ్చేసరికి అవీ లేవు. యలహంకలో దిగితే మిగతా ముగ్గురూ అక్కడ కలిశారు. అక్కడినుంచి ఆటోలో ఊరి బయట ఉన్న గ్రౌండుకు. గ్రౌండు పేరు రాయను. జరిగింది వాళ్ళ తప్పు కాదు, నాది.

ఆట సంగతికి ముందు అది ఎక్కడినుంచి వచ్చిందో చెప్తే బాగుంటుంది, ఎందుకంటే నేను దీన్ని మిలిటరీ ట్రైనింగు నుంచి పుట్టిందనుకునేవాణ్ణి. కాదు. అడవుల్లో చెట్లకు గుర్తులు పెట్టడానికి పుట్టింది. అమెరికాలో ఫారెస్టు వాళ్ళకు నరకాల్సిన చెట్టుకు రంగు చుక్క పెట్టాలి. చెట్టు వాగుకు అవతల ఉంటే, ముళ్ళపొద వెనక ఉంటే ప్రతిసారీ డబ్బా పట్టుకుని పోలేరు కదా. అందుకని నెల్సన్ పెయింట్ అనే కంపెనీ దూరంనుంచే రంగు వేసే తుపాకీని అమ్మింది. దాని పేరు నెల్‌స్పాట్ 007. పశువుల మందలు ఉన్నవాళ్ళు కూడా ఏ ఆవును వేరు చేయాలో దానికి ఒక దెబ్బ కొట్టి గుర్తు పెట్టుకునేవాళ్ళు. మన పక్క గొర్రెల కాపరులు మందలో కలిసిపోకుండా వీపు మీద ఎర్ర రంగు పూస్తారు చూడండి, అదే పని, కాకపోతే గుర్రం మీద కూర్చుని.

దాన్ని ఆటగా మార్చింది ముగ్గురు స్నేహితులు. ఒకరు రచయిత చార్లెస్ గెయిన్స్, ఒకరు న్యూయార్క్‌లో షేర్ల వ్యాపారం చేసే హేయ్స్ నోయెల్, మూడో ఆయన బాబ్ గర్న్సీ. వాళ్ళ మధ్య వాదన ఏమిటంటే, పట్నంలో తెలివిగా బతికేవాడు అడవిలో కూడా బతకగలడా, లేక అడవి తెలిసినవాడే గెలుస్తాడా అని. మనం హాస్టల్లో రాత్రి 2 గంటలకు పెట్టుకునే వాదనలాంటిదే. తేల్చుకోవడానికి 1981 జూన్ 27న న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలో హెనికర్ అనే ఊరి దగ్గర అడవిలో 12 మంది ఈ నెల్‌స్పాట్ తుపాకులతో దిగారు. అడవిలో నాలుగు చోట్ల జెండాలు పెట్టారు. ఎవరు వాటిని పట్టుకుని, దెబ్బ తినకుండా బయటపడితే వాళ్ళు గెలిచినట్టు. గెలిచినాయన రిచీ వైట్. ఆయన పని అడవిలోనే. ఆయన ఆ రోజు మొత్తంలో ఒక్క గుండు కూడా పేల్చలేదు. చప్పుడు లేకుండా నడిచి జెండాలు తెచ్చుకున్నాడు, అంతే.

ఈ కథ నాకు ముందే తెలుసు. తెలిసి కూడా మొదటి ఆటలో నాకిచ్చిన 50 గుండ్లనూ ఐదు నిమిషాల్లో పేల్చేశాను. ఒక్కటీ ఎవరికీ తగల్లేదు.

ఎందుకు తగల్లేదో చెప్పాలంటే గుండు గురించి చెప్పాలి. పెయింట్‌బాల్ అంటే పెద్ద సైజు మందు బిళ్ళ అనుకోండి. చేప నూనె క్యాప్సూలు చూసే ఉంటారు, మెత్తగా, లోపల ద్రవంతో. అదే టెక్నిక్. నిజంగానే మొదట్లో ఈ గుండ్లను విటమిన్ క్యాప్సూళ్ళు తయారుచేసే కంపెనీ దగ్గరే చేయించుకున్నారు. పైన జెలటిన్ తొడుగు, లోపల పాలీఇథిలీన్ గ్లైకాల్‌లో కలిపిన రంగు. నీళ్ళలో కరిగే పదార్థం, విషం కాదు. మామూలుగా వాడేది .68 కాలిబర్, అంటే 17 మిల్లీమీటర్ల పైచిలుకు వ్యాసం, బరువు 3 గ్రాముల దగ్గర. మొదటి రోజుల్లో అడవి వాళ్ళు వాడింది నూనె రంగు, అది పోయేది కాదు. ఆట పెరిగాక నీళ్ళతో పోయే రంగు వచ్చింది.

ఇక్కడ ధర్మవరం వాడు ఒక మాట అన్నాడు. వాళ్ళది మగ్గం ఇల్లు. "మా ఇంట్లో పట్టుకు రంగు పట్టాలని పొయ్యి మీద కాగే నీళ్ళలో గంటల తరబడి నూలు తిప్పుతారు. రంగు పోతే చీర తిరిగొస్తాది. ఈడ రంగు పోతేనే సరుకు మంచిదంట. ఏం యాపారం లే ఇది!" వాడి మాటలో ఒక పనికొచ్చే సలహా కూడా ఉంది. రంగు అంటిన బట్టల్ని వేణ్ణీళ్ళలో వేయొద్దు, వేడికే రంగు పట్టేది. ఆ సాయంత్రమే చన్నీళ్ళలో నానబెట్టండి. మేం ఆరుగురిలో ఆ పని చేసింది వాడొక్కడే, మచ్చ లేకుండా పోయిందీ వాడి టీషర్టు ఒక్కటే.

తుపాకీని అక్కడ ఎవరూ గన్ అనరు, మార్కర్ అంటారు. చెట్లకు గుర్తు పెట్టిన రోజుల పేరు అట్లే నిలిచింది. లోపల పేలుడు మందు ఏమీ ఉండదు, అంతా గాలి పనే. వెనకాల ఒక చిన్న సిలిండరు, పైన గుండ్లు పోసే డబ్బా. మేం అద్దెకు తీసుకున్న రకంలో ట్రిగ్గరు నొక్కగానే లోపల ఒక సుత్తి విడుదలవుతుంది, స్ప్రింగు దాన్ని ముందుకు తోస్తుంది, అది వాల్వు పిన్నును తడుతుంది. వాల్వు రెప్పపాటు తెరుచుకుంటే వచ్చిన గాలిలో ఒక భాగం గుండును గొట్టంలోంచి ముందుకు తోస్తుంది, ఇంకో భాగం సుత్తిని వెనక్కి తోసి మళ్ళీ కొక్కేనికి తగిలిస్తుంది. అంటే తర్వాతి షాటుకు అదే రెడీ అయిపోతుంది. ఈ చివరి ముక్క గుర్తుపెట్టుకోండి. మీరు ఆపేశామనుకున్నా, అది ఆగదు. నొక్కితే పేలడానికి సిద్ధంగా ఉంటుంది.

మెకానికల్ వాళ్ళకు నచ్చే సంగతి ఇంకొకటి. సిలిండర్లో కార్బన్ డయాక్సైడ్ ఉండొచ్చు, లేదా ఒత్తిడితో నింపిన మామూలు గాలి ఉండొచ్చు. కార్బన్ డయాక్సైడ్ సిలిండర్లో సగం ద్రవంగా ఉంటుంది కాబట్టి దాని ప్రెషరు ఉష్ణోగ్రత మీద ఆధారపడుతుంది. 20 డిగ్రీల దగ్గర 57 బార్, 30 డిగ్రీలకు 72 బార్. 31 డిగ్రీలు దాటితే అసలు ద్రవం, ఆవిరి అన్న తేడానే ఉండదు, థర్మోడైనమిక్స్‌లో క్రిటికల్ పాయింట్ అని బట్టీ పట్టింది ఇదే. బెంగళూరు చలికాలం పొద్దున పేల్చిన గుండుకూ మన ధర్మవరం ఏప్రిల్ ఎండలో పేల్చిన గుండుకూ వేగంలో తేడా ఎందుకొస్తుందో ఇప్పుడు అర్థమై ఉంటుంది. అదీగాక టకటకా పేలిస్తే ద్రవం ఆవిరవుతూ సిలిండరు చల్లబడి, వేగం పడిపోతుంది. అందుకే ఇప్పుడు చాలాచోట్ల గాలి సిలిండర్లే వాడతారు. 3000 పిఎస్ఐ దగ్గర నింపి, రెగ్యులేటరుతో దాన్ని తగ్గించి వదులుతారు.

ఆట మొదలుకాకముందు మార్షల్ ఒక్కొక్క మార్కరును క్రోనోగ్రాఫ్ అనే వేగం కొలిచే యంత్రం ముందు పేల్చి చూపించాడు. సెకనుకు 300 అడుగులు దాటకూడదన్నది ఈ ఆటలో పాత కట్టుబాటు. చాలా గ్రౌండ్లు అంతకంటే తక్కువే పెట్టుకుంటాయి. 280 అనుకుందాం. అంటే సెకనుకు 85 మీటర్లు, గంటకు 300 కిలోమీటర్ల పైన. వినడానికి భయంగానే ఉంటుంది గానీ 3 గ్రాములే కాబట్టి శక్తి 11 జౌల్స్ లోపు. క్రికెట్ బంతిని గంటకు 42 కిలోమీటర్ల వేగంతో, అంటే బౌలర్ దగ్గరికి ఫీల్డరు తిరిగి విసిరినంత మెల్లగా వేస్తే వచ్చే శక్తి అంతే.

ఇప్పుడు నా 50 గుండ్లు ఎటు పోయాయో చూద్దాం. బయల్దేరిన క్షణంలో గుండు మీద గాలి ఎంత బలంతో వెనక్కి లాగుతుందో లెక్క కట్టాను. గోళానికి డ్రాగ్ కోఎఫిషియెంట్ 0.47 అని తీసుకుంటే దాదాపు అర న్యూటన్ వచ్చింది. గుండు బరువు 0.03 న్యూటన్. అంటే భూమి కిందికి లాగేదానికంటే గాలి వెనక్కి లాగేది 16 రెట్లు ఎక్కువ! ఆ లెక్కన 30 మీటర్లు పోయేసరికి వేగం సగానికి పడిపోతుంది, 11 జౌల్స్ కాస్తా 3 అవుతుంది, అర సెకను పడుతుంది, ఈలోగా గుండు మీటరు దాకా కిందికి దిగుతుంది. అర సెకనులో ఎదుటివాడు రెండడుగులు పక్కకు వేస్తాడు. నేనేమో సినిమాల్లోలాగా సూటిగా గురిపెట్టి కొట్టాను. ఫ్లూయిడ్ మెకానిక్స్‌లో 60 పైన మార్కులు వచ్చిన మనిషిని, అప్పుడు ఒక్క ముక్క గుర్తుకు రాలేదు. దగ్గరికి పోయి కొట్టాలి. దగ్గరికి పోవాలంటే ఒకడు కాలుస్తూ అవతలివాళ్ళ తల ఎత్తనీయకుండా ఉంచాలి, ఇంకొకడు పక్కనుంచి చుట్టి రావాలి. ఆటంతా ఇదే.

ఈ చుట్టి రావడంలో పెనుకొండ మొనగాడు. రైల్లోనే మొదలుపెట్టాడు వాడి ఊరి గొప్పలు. 1565లో తళ్ళికోట యుద్ధం పోయాక తిరుమల రాయలు రాజధానిని వాళ్ళ ఊరికే తెచ్చాడని, గోల్కొండ సైన్యం వచ్చి ముట్టడి వేసినా కోట లొంగలేదని. "కోటలో పుట్టినోణ్ణి, నాకు చెప్తావా లే" అని రెండో ఆటలో టైర్ల గోడ వెనకనుంచి పాక్కుంటూ పోయి మా ముగ్గురినీ వరసగా వీపు మీద కొట్టాడు. నొప్పి సంగతి అడిగారు కదా. దూరంనుంచి అయితే రబ్బరు బ్యాండు గట్టిగా లాగి వదిలినట్టు. దగ్గరనుంచి అయితే చురుక్కుమని, తర్వాత వారం దాకా గుండ్రని కమిలిన మచ్చ. గుండు పగిలితే నొప్పి తక్కువ, పగలకుండా ఎగిరిపడితే ఎక్కువ. పగిలినప్పుడు శక్తిలో కొంత తొడుగు చిట్లడానికీ రంగు చిమ్మడానికీ పోతుంది. ఎగిరి వెనక్కి పోతే మొమెంటం మార్పు ఇంకా పెరుగుతుంది, ఆ దెబ్బ అంతా మన చర్మానికే. అందుకే బాగా దగ్గరికి వచ్చినప్పుడు కాల్చకుండా "సరెండర్" అని అరవాలని కొన్నిచోట్ల రూలు ఉంటుంది.

తగిలితే "హిట్" అని గట్టిగా అరిచి, మార్కరు తలపైకెత్తి బయటికి నడవాలి. చేత్తో రంగు తుడుచుకోవడం ఈ ఆటలో అతి పెద్ద దొంగతనం. పక్క గోడకు తగిలి చిందిన తుంపర లెక్కలోకి రాదు, గుండు మన ఒంటిమీద పగిలితేనే లెక్క. అనుమానం ఉంటే మార్షల్‌ను పిలవాలి. రూల్స్ అంటే ఇంతే, మిగతావి అక్కడ చెప్తారు.

ఒక్క రూలు తప్ప. అదే మాస్కు.

మార్షల్ కన్నడలో మాట్లాడుతున్నాడు. హిందూపురం వాణ్ణి కాబట్టి తర్జుమా బాధ్యత నాది. ఆయన చెప్పిన పది నిమిషాల్లో "మాస్క్ తెగీబేడి" అన్న మాట పదిసార్లయినా వచ్చి ఉంటుంది. నేను ఒక్కసారి చెప్పి, మిగతా తొమ్మిదిసార్లూ "అదే, మాస్కు సంగతే" అని తేల్చేశాను.

మూడో ఆటలో పది నిమిషాలు గడిచేసరికి పెనుకొండ వాడి మాస్కు లోపల ఆవిరి పట్టింది. పరిగెత్తిన ఒంటి చెమట, ఊపిరి, బయట కొంచెం చల్లటి గాలి. లెన్సు చల్లగా ఉంటే లోపలి తేమ దానిమీద కూర్చుంటుంది, కుక్కరు మూత కింద నీళ్ళు పట్టినట్టు. వాడు గోడ వెనక కూర్చుని, ఎవరూ చూడట్లేదనుకుని, మాస్కు గడ్డం దగ్గర పట్టుకుని పైకెత్తి టీషర్టుతో తుడవబోయాడు. ఈల మోగింది. ఆట మొత్తం ఆగిపోయింది. మార్షల్ పరిగెత్తుకుంటూ వచ్చి వాడి మాస్కును తన చేత్తో కిందికి నొక్కి, బయటికి పంపేశాడు. ఆ రోజుకు ఇంక నువ్వు ఆడొద్దన్నాడు.

"ఏమీ కనపడ్డంల్యా అణ్ణా, రెండు సెకన్లే" అని వాడు. ఆయన వినలేదు. మాకు కోపం వచ్చింది. డబ్బులు కట్టాం, ఇంకా రెండు ఆటలున్నాయి, ఇంత మాత్రానికా అని అందరం గొణుక్కున్నాం. నేను కన్నడలో కొంచెం గట్టిగానే వాదించాను కూడా. ఆయన ఒకటే అన్నాడు: కన్ను పోయాక నాతో వాదించడానికి మీరు రారు, వాళ్ళ అమ్మానాన్నలు వస్తారు.

వాడు లేకుండానే నాలుగో ఆట ఆడాం. అయిపోయింది. ఇప్పుడు నా తప్పు.

ఆట ముగిసిందని ఈల వేయగానే ప్రతివాళ్ళూ మార్కరు గొట్టానికి గుడ్డ తొడుగు తగిలించాలి, సేఫ్టీ వేయాలి, ఆ తర్వాతే వల దాటి బయటికి రావాలి. తొడుగు నా జేబులోనే ఉంది. గెలిచామన్న ఊపులో మర్చిపోయాను. వేలు ట్రిగ్గరు మీదనే ఉంది. వల అవతల బెంచీ మీద పెనుకొండ కూర్చుని, మాస్కు పక్కన పెట్టి నీళ్ళు తాగుతున్నాడు. వాడికి స్కోరు చెబుదామని దగ్గరికి పోతూ మార్కరును చంకలో నుంచి కిందికి దించాను. టప్ మని చప్పుడు. వాడి ఎడమ చెప్పు పక్కన నేల మీద పచ్చ రంగు పగిలింది. ప్యాంటు అంచు మీద నాలుగు చుక్కలు పడ్డాయి.

డబ్బాలో గుండ్లు అయిపోయాయి అనుకున్నాను. డబ్బా ఖాళీనే. గొట్టంలో ఒకటి మిగిలింది. ఇందాక చెప్పాను కదా, ప్రతి షాటు తర్వాతా అది తనంతట తానే రెడీ అయి కూర్చుంటుందని.

వాడు ఏమీ అనలేదు. నీళ్ళ బాటిలు మూత పెట్టి, మాస్కు తీసి మళ్ళీ మొహానికి పెట్టుకున్నాడు. నాకు అది తిట్టుకంటే ఎక్కువైంది. ధర్మవరం వాడు నా చేతిలోంచి మార్కరు లాక్కుని పోయి మార్షల్‌కు ఇచ్చేశాడు.

హాస్టలుకు వచ్చాక ఆ రాత్రి నిద్ర పట్టక లెక్కలు చూసుకున్నాను. పైన చెప్పినట్టు శక్తి తక్కువే, క్రికెట్ బంతి మెల్లగా విసిరినంత. మరి మాస్కు మీద ఇంత పట్టుదల ఎందుకు? తేడా శక్తిలో లేదు, సైజులో ఉంది. క్రికెట్ బంతి వ్యాసం 7 సెంటీమీటర్ల పైన. కన్ను కూర్చునే ఎముక గూడు వెడల్పు 4 సెంటీమీటర్ల దగ్గర. అందుకని బంతి మొహానికి తగిలితే ముందు కనుబొమ్మ ఎముక, బుగ్గ ఎముక చాలావరకు దెబ్బ కాస్తాయి. ఎముక విరగొచ్చు గానీ కన్ను దక్కే అవకాశం ఉంటుంది. పెయింట్‌బాల్ 1.7 సెంటీమీటర్లు. ఏ ఎముకకూ తగలకుండా నేరుగా గూట్లోకి దూరుతుంది. కనుగుడ్డు 2.4 సెంటీమీటర్లు. ఆ 11 జౌల్సూ దాని మీదనే పడతాయి. కన్ను లోపల నీళ్ళలాంటి ద్రవం, జెల్లీలాంటి పదార్థం ఉంటాయి, అవి నొక్కుకోవు, కాబట్టి గుడ్డు అడ్డంగా సాగుతుంది. కంటి ముందు భాగంలో రక్తం చేరడం, లెన్సు స్థానం తప్పడం, రెటీనా చిరగడం, ఊడిపోవడం, ఒక్కోసారి గుడ్డే పగిలిపోవడం. ఈ ఆట పుట్టిన 1980ల నుంచే కంటి డాక్టర్ల పత్రికల్లో ఇట్లాంటి కేసులు వస్తూనే ఉన్నాయి. వాటిలో పదే పదే కనిపించే సంగతి ఒకటే: దెబ్బ తగిలినప్పుడు మాస్కు లేదు, లేదా "ఒక్క క్షణం" తీశారు. షటిల్ కాక్ కూడా ఇట్లాంటిదే. దాని బెండు సైజు కూడా కంటి గూట్లో పట్టేంతే, కానీ దానికి ఎవరూ భయపడరు.

మాస్కు పెట్టుకుంటే ఈ భయం దాదాపు ఉండదు, అది కూడా చెప్పాలి. పాలీకార్బొనేట్ లెన్సు ఈ దెబ్బలకోసమే చేసింది. పక్కనుంచి పగలడం, రంగు చిమ్మడం తప్ప ఏమీ కాదు. చలువ కళ్ళజోడు, బైకు హెల్మెట్, కెమిస్ట్రీ ల్యాబు గాగుల్స్ దీనికి పనికిరావు. లిస్టులో ఉన్న ఇద్దరు నన్ను ఇదే అడిగారు కాబట్టి రాస్తున్నాను.

ఆవిరికి మందు ఏమిటంటే, నుదుటికి ఒక గుడ్డ కట్టుకోండి, చెమట లెన్సు మీదికి దిగదు. రెండు పొరల లెన్సు ఉన్న మాస్కు ఉంటే అడిగి తీసుకోండి. రెండు పొరల మధ్య గాలి ఉండటంతో లోపలి పొర అంత చల్లబడదు. కళ్ళజోడు వాళ్ళు ముందురోజే గ్రౌండుకు ఫోన్ చేసి జోడు పట్టే మాస్కులున్నాయో లేదో కనుక్కోండి. ఆడేటప్పుడు మరీ ఏమీ కనపడకపోతే చెయ్యి పైకెత్తి మార్షల్‌ను కేకేయండి, ఆయన బయటికి తీసుకుపోతాడు. ఆట పోతే పోనీ. పొడుగు చేతుల పాత చొక్కా, జీన్సు, షూ వేసుకోండి, చెప్పులు వద్దు. మెడకు తువ్వాలు చుట్టుకుంటే మేలు, మెడ మీద దెబ్బే అన్నిటికంటే మంట. కింద పడ్డ గుండ్లు ఏరుకుని మళ్ళీ వేయొద్దు. జెలటిన్ తేమ పీల్చి ఉబ్బి ఉంటుంది, మట్టి అంటి ఉంటుంది, గొట్టంలోనే పగిలి తర్వాతవన్నీ వంకరగా పోతాయి. ఖర్చు గురించి ఒక్కటే మాట. టికెట్టు ధర చూసి మోసపోకండి, దాంతో వచ్చే గుండ్లు తక్కువ, అసలు ఖర్చు తర్వాత కొనుక్కునే గుండ్లదే. రిచీ వైట్ పద్ధతి పాటిస్తే మీకే మిగులు.

తిరుగు రైల్లో గౌరిబిదనూరు దాకా పెనుకొండ నాతో మాట్లాడలేదు. తర్వాత వాడే మొదలుపెట్టాడు. "మా కొండ మీద ఆడితే ఎట్లుంటాది? బురుజులు, దొడ్డి దారులు, అన్నీ రెడీగా ఉండాయి కదా."

చెప్పుకోవడానికి బాగుంది. కానీ కుదరదు. నీళ్ళతో పోయే రంగు టీషర్టు మీదినుంచి పోతుంది గానీ, నాలుగైదు వందల ఏళ్ళ సున్నపు గార పీల్చుకుంటే పోదు, రుద్దితే గారే ఊడొస్తుంది. రక్షిత కట్టడాల మీద రంగు వేయడం ఎట్లాగూ నేరం. అన్నిటికంటే ముఖ్యంగా, కొండ మీదికి నరసింహస్వామి గుడికి పోయేవాళ్ళుంటారు, కోట చూడ్డానికి వచ్చేవాళ్ళుంటారు. వాళ్ళ మొహాలకు మాస్కులుండవు.

"అయితే మా చేన్లో ఆడదాం" అన్నాడు ధర్మవరం. వేరుశనగ పెరికాక ఖాళీగానే ఉంటుందంట. ఆ మాట మీద హిందూపురం దాకా లెక్కలు వేశాం. చుట్టూ మనిషి ఎత్తుకు రెండింతల వల కట్టాలి, ఒక క్రోనోగ్రాఫ్ కొనాలి, ఆడకుండా చూసుకోవడానికే ఇద్దరు మనుషులుండాలి. ఇవన్నీ ఎట్లాగో చేయొచ్చు. గాలి దగ్గర ఆగిపోయాం. సిలిండరు నిండాలంటే 3000 పిఎస్ఐ కావాలి. పంక్చర్ షాపు కంప్రెసరు ఇచ్చేది 150 దగ్గర, అందులో ఇరవయ్యో వంతు. సముద్రంలో డైవింగ్ చేసేవాళ్ళ సిలిండర్లు నింపేలాంటి కంప్రెసరు కావాలి. సిలిండర్లకు కూడా కొన్నేళ్ళకొకసారి ప్రెషర్ టెస్టు చేయించాలి. ఆ టెస్టు చేసేవాళ్ళు ధర్మవరంలో ఎక్కడుంటారో మా ముగ్గురికీ తెలీదు.

కాబట్టి ప్రస్తుతానికి యలహంక రైలే. లిస్టులో పేరున్నవాళ్ళు ఈసారి కన్నడ తర్జుమా నన్నే చేయమన్నారు. పదిసార్లంటే పదిసార్లూ చెప్తాను. పెనుకొండ కూడా వస్తానన్నాడు. గొట్టం తొడుగులు మాత్రం వాడే పంచుతాడంట, ఆట అయ్యాక లెక్కపెట్టుకునేది కూడా వాడేనంట.